ఎన్‌కౌంటర్ వీడియోను పరిశీలించడం ఎలా? దృశ్యాన్ని కల్పించారో లేదో తేల్చుకునే పద్ధతి

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు ఎక్కడ పోలీసు కాల్పులు జరిగినా, కొద్ది గంటల్లోనే ఏదో ఒక వీడియో వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. ఆ వెంటనే మండల విలేకరులు, యువ న్యాయవాదులు, పౌరహక్కుల కార్యకర్తలు, కొన్నిసార్లు మృతుల బంధువులు కూడా ఒకటే అడుగుతారు: “ఈ వీడియో నిజమేనా, లేక ఎవరైనా కల్పించారా, మేము ఎలా తెలుసుకోవాలి?” ఆ ప్రశ్న పదేపదే వస్తున్నందువల్ల, మామూలు కంప్యూటరుతో, ఉచితంగా దొరికే సాధనాలతో చేయగలిగిన పనిని వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

ఈ పని ఎంత ముఖ్యమో ఈ ప్రాంతానికి వేరే చెప్పనక్కరలేదు. 2015 ఏప్రిల్ 7న, అప్పటి నల్లగొండ జిల్లాలోని ఆలేరు సమీపంలో, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకువెళ్తున్న అయిదుగురు విచారణ ఖైదీలు పోలీసు వాహనంలోనే కాల్పుల్లో మరణించారు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో మరణించారు. ఈ రెండో ఘటనపై సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో వెలుగులోకి వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని ఆ నివేదిక నిర్ధారించి, పది మంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరపాలని సిఫారసు చేసింది. అంతటి నిర్ధారణ ఏ ఒక్క వీడియో నుంచీ రాదు. సాక్షుల వాంగ్మూలాలు, పోస్టుమార్టం నివేదికలు, ఆయుధాల పరీక్షలు, దృశ్యాలు అన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసినప్పుడే వస్తుంది. మీరు చేయబోయే పరిశీలన అందులో ఒక భాగం మాత్రమే.

ముందుగా మీ ప్రశ్నను మూడుగా విడదీసుకోవాలి. ఫైలును ఎవరైనా మార్చారా అన్నది ఒకటి. ఫైలు అసలుదే అయినా అది ఈ ఘటనకు చెందినదేనా అన్నది రెండోది. వీడియో, ఘటన రెండూ నిజమే అయినా, కెమెరా ఆన్ చేయడానికి ముందో, మధ్యలో ఆపినప్పుడో ఆయుధాలను, శరీరాలను, వస్తువులను కావాలని అమర్చారా అన్నది మూడోది. చాలామంది మొదటి ప్రశ్నకు జవాబు దొరకగానే మూడో ప్రశ్నకు కూడా దొరికిందనుకుంటారు. ఏ మార్పూ చేయని అసలు వీడియోలో కూడా అమర్చిన దృశ్యం ఉండవచ్చు. అలాగే నిజంగా జరిగిన సంఘటన వీడియోను ఎవరో కత్తిరించి పంపి ఉండవచ్చు.

కావలసినవి

కంప్యూటరు, రెండు పెన్‌డ్రైవులు, మంచి ఇయర్‌ఫోన్లు, పేజీ నంబర్లు వేసిన ఒక నోటుపుస్తకం సిద్ధం చేసుకోండి. సాఫ్ట్‌వేర్లలో చూడటానికి వీఎల్‌సీ, ఒక్కొక్క ఫ్రేము (వీడియోలోని ఒక్కో నిశ్చల చిత్రం) ముందుకూ వెనక్కూ కదపడానికి షాట్‌కట్, ఫైలు వివరాలకు మీడియాఇన్ఫో, శబ్దానికి ఆడాసిటీ, హాష్ (ఫైలుకు వేలిముద్రలాంటి అక్షరాల వరుస) తీయడానికి సెవెన్‌జిప్, స్థలానికి గూగుల్ ఎర్త్, నీడలకు సన్‌క్యాల్క్ చాలు. ఇవన్నీ ఉచితమే. వీటితో పాటు పోలీసుల పత్రికా ప్రకటన, దొరికితే ఎఫ్‌ఐఆర్ ప్రతి, శవపంచనామా ప్రతి దగ్గర ఉంచుకోండి. ఇవి లేకుండా మొదలుపెడితే దేనితో దేన్ని పోల్చాలో తెలియక ఒకే ఫ్రేము దగ్గర ఆగిపోతారు.

మొదటి మెట్టు: అసలు ఫైలును సంపాదించి, దాన్ని తాకకుండా దాచండి

వాట్సాప్‌లో వీడియోగా వచ్చిన ఫైలు పరిశీలనకు పెద్దగా పనికిరాదు. పంపేటప్పుడే దాన్ని కుదించేస్తారు. తీసిన సమయం, ఫోను వివరాలు పోతాయి, చిన్న వస్తువుల అంచులు చెదిరిపోతాయి. తీసిన మనిషిని వెతికి పట్టుకుని, వారి ఫోనుకు కేబులు పెట్టి నేరుగా కాపీ చేసుకోండి. అది వీలుకాకపోతే వీడియోగా కాకుండా ‘డాక్యుమెంట్’గా పంపమనండి, అప్పుడు ఫైలు కుదించకుండా వస్తుంది.

సీసీ కెమెరా దృశ్యమైతే, మానిటరుకు ఎదురుగా ఫోను పెట్టి తీసిన వీడియోతో సరిపెట్టుకోకండి. డీవీఆర్ (కెమెరాల రికార్డును దాచే పెట్టె) నుంచి దాని సొంత ఫార్మాట్‌లో ఎగుమతి చేసిన ఫైలు కావాలి. హైవే పక్కన పెట్రోలు బంకులు, దాబాలు, ఎరువుల దుకాణాల డీవీఆర్‌లలో పాత రికార్డు మీద కొత్తది వచ్చి పడుతుంది. డిస్కు సైజును బట్టి కొన్ని రోజులు, మహా అయితే కొన్ని వారాలే నిలుస్తుంది. కాబట్టి ఘటన తెలిసిన రోజే యజమానిని కలవండి. పోలీసు స్టేషన్ల లోపలి కెమెరాల రికార్డును 18 నెలలు, అంత సామర్థ్యం లేని పరికరమైతే కనీసం ఒక సంవత్సరం ఉంచాలని 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మృతుణ్ణి ముందు స్టేషనుకు తీసుకువెళ్లారన్న అనుమానం ఉంటే, ఆ రికార్డును భద్రపరచమని జిల్లా ఎస్పీకి కుటుంబం తరఫున రాతపూర్వకంగా కోరి, రసీదు తీసుకోండి.

ఫైలు చేతికి రాగానే దాన్ని తెరవకముందే హాష్ తీయండి. సెవెన్‌జిప్ ఇన్‌స్టాల్ చేశాక ఫైలు మీద రైట్‌క్లిక్ చేస్తే ఎస్‌హెచ్‌ఏ-256 విలువ తీసే అవకాశం కనిపిస్తుంది. అది 64 అక్షరాల వరుస. దాన్ని నోటుపుస్తకంలో తేదీ, సమయం, ఇచ్చినవారి సంతకంతో రాసుకోండి. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఈ వరుస మారిపోతుంది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇవ్వవలసిన ధ్రువపత్రంలో హాష్ విలువ రాయడానికి ప్రత్యేకంగా చోటు ఉంది. ఆ పత్రంలో ఒక భాగాన్ని ఫైలు ఇచ్చేవారు, మరో భాగాన్ని నిపుణుడు పూర్తిచేయాలి. మొదటి పెన్‌డ్రైవులో అసలు ఫైలు పెట్టి కవరులో మూసివేయండి. ఇకపై పని అంతా రెండో డ్రైవులోని కాపీ మీదే.

హెచ్చరిక: ఫోను ఇచ్చినవారి పేరు, ఊరు మీ నోటుపుస్తకం దాటి బయటికి పోకూడదు. వారి ఫోనులో ఉన్న అసలు వీడియోను తొలగించవద్దని, ఆ ఫోనును మార్చవద్దని చెప్పండి.

రెండో మెట్టు: వీడియో చూడకముందే పోలీసు కథనాన్ని ముక్కలుగా రాసుకోండి

పత్రికా ప్రకటనలోని ప్రతి వాస్తవాన్ని విడిగా ఒక్కో గీతలో రాయండి: ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎంత దూరం నుంచి, ఎవరు ముందు కాల్చారు, ఎన్ని రౌండ్లు, ఎవరి చేతిలో ఏ ఆయుధం, గాయపడిన పోలీసులు ఎవరు, ఆస్పత్రికి ఎప్పుడు తరలించారు. కుటుంబం చెబుతున్నదాన్ని కూడా ఇదే పద్ధతిలో ఎదురుగా రాయండి. వీడియోలో వీటిలో ఏది కనిపించే అవకాశం ఉందో, ఏది అసలు కనిపించదో గుర్తుపెట్టండి. ఈ పట్టిక ముందే లేకపోతే, మన మనసుకు ముందుగా తోచిన దాన్నే వీడియోలో వెతుక్కుంటాం. అనుమానం బలంగా ఉన్నవారికే ఈ ప్రమాదం ఎక్కువ.

మూడో మెట్టు: మూడుసార్లు మామూలు వేగంతో చూడండి

మొదటిసారి శబ్దం తీసేసి, రెండోసారి కళ్లు మూసుకుని శబ్దం మాత్రమే వింటూ, మూడోసారి రెండూ కలిపి చూడండి. ప్రతిసారీ కనిపించిందీ వినిపించిందీ మాత్రమే రాయండి. నెమ్మదించి చూడటం ఇప్పుడే వద్దు. నెమ్మదిగా చూసిన ప్రతి కదలికా ఉద్దేశపూర్వకంగా చేసినట్టే కనిపిస్తుంది.

నాలుగో మెట్టు: స్థలం అదేనా?

వీడియోలో స్పష్టంగా ఉన్న నాలుగైదు ఫ్రేములను చిత్రాలుగా తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. వేరే రాష్ట్రంలో, వేరే ఏడాదిలో జరిగినవి మన ఊరి పేరుతో తిరగడం మామూలే, వాటిలో చాలావరకు ఇక్కడే బయటపడతాయి. ఆ తర్వాత మారని గుర్తులను పట్టుకోండి: గుట్ట అంచు ఆకారం, కిలోమీటరు రాయి, ట్రాన్స్‌ఫార్మర్ మీది నంబరు, కల్వర్టు, తాటిచెట్ల వరుస, నీళ్ల ట్యాంకు. వీటిని గూగుల్ ఎర్త్‌లోని చిత్రంతో సరిపోల్చి కెమెరా నిలబడిన చోటును, అది చూస్తున్న దిక్కును గుర్తించండి. పంట కూడా సాక్ష్యమే. జూన్, జులైలలో విత్తిన పత్తి అక్టోబరు నుంచి విచ్చుకుంటుంది కాబట్టి, మే నెలలో జరిగిందంటున్న వీడియోలో వర్షాధార చెలకలో తెల్లగా విచ్చిన పత్తి కనిపిస్తే మళ్లీ ఆలోచించాలి. సాధ్యమైతే పోలీసుల కాపలా ఎత్తేశాక స్థలానికి వెళ్లి, అదే కోణంలో ఫొటో తీసి, టేపుతో దూరాలు కొలవండి. ఆ కొలతలు తర్వాతి మెట్లన్నిటికీ ఆధారం.

అయిదో మెట్టు: సమయం సరిపోతుందా?

మీడియాఇన్ఫోలో ఫైలు తెరిస్తే రికార్డు చేసిన సమయం కనిపిస్తుంది. చాలా ఫోన్లు దాన్ని ప్రపంచ ప్రామాణిక సమయంలో (యూటీసీ) రాస్తాయి, మన గడియారం దానికంటే అయిదున్నర గంటలు ముందు ఉంటుంది. ఉదయం 6:10కి తీసిన వీడియోకు అర్ధరాత్రి 12:40 అని కనిపిస్తే అది మోసం కాదు. కాల్పులు చెప్పిన సమయానికంటే ముందే జరిగాయని ఈ ఒక్క అంకె చూసి ప్రకటించినవారు ఉన్నారు, దయచేసి ఆ తొందర పడకండి. సీసీ కెమెరా మూలన కనిపించే సమయాన్ని కూడా నమ్మకండి. డీవీఆర్ గడియారాలు నిమిషాలకు నిమిషాలు తప్పుతాయి. దుకాణానికి వెళ్లి, డీవీఆర్ చూపే సమయాన్నీ మీ ఫోను సమయాన్నీ ఒకే ఫొటోలో పడేలా తీయండి. ఆ తేడాను ఘటన రోజు సమయానికి సర్దండి.

తర్వాత వెలుతురు. సన్‌క్యాల్క్‌లో స్థలం, తేదీ ఇస్తే సూర్యోదయం, ఆ ఘడియకు నీడ దిక్కు, పొడవు తెలుస్తాయి. తెల్లవారుజామున జరిగిన కాల్పుల్లో ఇది చాలా కీలకం. చటాన్‌పల్లిలో కాల్పులు ఉదయం 5:45, 6:15 మధ్య జరిగాయని పోలీసులు చెప్పారు. డిసెంబరు మొదటి వారంలో అక్కడ సూర్యోదయం దాదాపు ఆరున్నరకు. అలాంటి వేళకు చెందిందని చెప్పే వీడియోలో మనుషుల నీడలు నేల మీద పదునుగా పడి ఉంటే, ఆ వీడియో సూర్యోదయం తర్వాత తీసినది. అంటే అది కాల్పుల వీడియో కాదు, కాల్పుల తర్వాతి వీడియో.

మధ్యాహ్నపు వీడియోల విషయంలో ఒక జాగ్రత్త. మన జిల్లాలు దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి కాబట్టి, మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. మధ్యాహ్నపు నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందనుకుంటే నిజమైన వీడియోను దొంగదని తేలుస్తారు. సూర్యుడు మన నడినెత్తికి దగ్గరగా వచ్చేది కూడా గడియారంలో సరిగ్గా పన్నెండుకు కాదు, కాలాన్ని బట్టి దాదాపు 12 నుంచి 12:30 మధ్య. సాధనాల మీద నమ్మకం కుదరకపోతే వారం లోపల అదే వేళకు అదే చోట ఒక కర్ర పాతి, దాని నీడను ఫొటో తీసి పోల్చండి.

ఆరో మెట్టు: ఫైలులో కోతలు ఉన్నాయా?

షాట్‌కట్‌లో ఫ్రేము వెంట ఫ్రేము కదుపుతూ, మనిషి చేయి, వాహనం, పొగ, ఎగిరే దుమ్ము వంటి నిరంతర కదలికలను గమనించండి. కదలిక ఒక్కసారిగా దూకిన ప్రతిచోటా ఫ్రేము సంఖ్య రాయండి. అదే చోట శబ్దంలో కూడా తెగినట్టు ఉందా అని ఆడాసిటీలో చూడండి. బొమ్మ, వెనుక వినిపించే జనరేటరు లేదా పురుగుల శబ్దం రెండూ ఒకే క్షణంలో తెగితే అక్కడ కోత ఉండే అవకాశం బలపడుతుంది. బొమ్మ ఒక్కటే దూకితే, ఫోను వేడెక్కో, మెమరీ చాలకో ఫ్రేములు జారిపోయి ఉండవచ్చు. సీసీ కెమెరాలు సెకనుకు పది, పదిహేను ఫ్రేములే తీయడం, కదలిక ఉన్నప్పుడు మాత్రమే రికార్డు చేయడం సర్వసాధారణం, కాబట్టి వాటిలోని దూకుళ్లను మరింత జాగ్రత్తగా చూడాలి.

ఏడో మెట్టు: కాల్పుల శబ్దం

మన ఎండల్లో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు ప్రయాణిస్తుంది. సెకనుకు 30 ఫ్రేములు తీసే ఫోనులో ఒక్కో ఫ్రేముకు అది 11, 12 మీటర్లు. కెమెరాకు 120 మీటర్ల దూరంలో తుపాకీ పేలితే, పొగ కనిపించిన పది ఫ్రేముల తర్వాత శబ్దం వినిపించాలి. కాబట్టి శబ్దం ఆలస్యంగా రావడం శబ్దాన్ని అతికించారనడానికి గుర్తు కాదు. నిజానికి అంత దూరంలో శబ్దం, పొగ ఒకే ఫ్రేములో పడితేనే అనుమానించాలి. నాలుగో మెట్టులో మీరు కొలిచిన దూరం ఇక్కడ ఉపయోగపడుతుంది.

రౌండ్లు లెక్కపెట్టేటప్పుడు మన గుట్టలను మరచిపోకండి. తుపాకీ, కెమెరా దగ్గరదగ్గరగా ఉండి, వెనుక 90 మీటర్ల దూరంలో బండరాళ్ల గుట్ట ఉంటే, ప్రతి కాల్పుకూ అర సెకను తర్వాత ఒక ప్రతిధ్వని వస్తుంది. రైఫిల్ తూటా శబ్దం కంటే వేగంగా పోతుంది కాబట్టి, అది కెమెరా పక్క నుంచి పోయినప్పుడు ఒక పదునైన ‘చట్’, ఆ వెనుక తుపాకీ ‘ధన్’ అని ఒకే కాల్పుకు రెండు శబ్దాలు పడతాయి. ఆడాసిటీ గీసే శబ్దరేఖలో పైకి లేచిన ప్రతి రెండు మొనల మధ్య వ్యవధిని కొలవండి. ఒక్కో జతలోని రెండు శబ్దాల మధ్య వ్యవధి ప్రతిసారీ ఒకేలా ఉంటే రెండోది ప్రతిధ్వని అయ్యే అవకాశం ఎక్కువ. మొదటి పేలుడు తర్వాత ఫోను మైకు తనంతట తానే స్థాయి తగ్గించుకుంటుంది, అందువల్ల తర్వాతివి చిన్నగా వినిపించినంత మాత్రాన దూరం నుంచి వేరొకరు కాల్చారని అర్థం కాదు.

మంట కనిపించలేదన్న వాదన కూడా తరచుగా వస్తుంది. తుపాకీ మొన దగ్గరి మంట కొన్ని మిల్లీసెకన్లే ఉంటుంది. పగటి వెలుతురులో ఒక్కో ఫ్రేముకు కెమెరా షట్టరు తెరుచుకుని ఉండే సమయం అంతకంటే తక్కువ. చాలా నిజమైన కాల్పుల వీడియోల్లో మంట పడదు.

ఎనిమిదో మెట్టు: వస్తువుల పట్టిక

అమర్చిన దృశ్యం గుట్టు బయటపడేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి సగం సమయం దీనికే కేటాయించండి. కనిపించే ప్రతి వస్తువుకూ ఒక వరుస రాయండి: తుపాకీ, కత్తి, చెప్పులు, సెల్‌ఫోను, ఖాళీ తూటాలు, బేడీలు, సంచి, మోటారు సైకిలు తాళం. ప్రతిదానికీ మొదట కనిపించిన ఫ్రేము, చివర కనిపించిన ఫ్రేము, ఒక కదలని గుర్తు నుంచి దూరం, దాన్ని తాకినవారు అన్న గడులు పెట్టండి. తర్వాత అన్నిటికంటే ముఖ్యమైన గడి: ఆ వస్తువు కెమెరాకు కనిపించని వ్యవధి. తుపాకీ మొదటి ఫొటోలో లేకుండా, ఇరవై నిమిషాల తర్వాతి వీడియోలో మృతుడి కుడిచేతి పక్కన ఉంటే, మధ్యలో ఏం జరిగిందన్నది మీరు అడగవలసిన ప్రశ్న.

అదే వస్తువును పత్రికల ఫొటోల్లో, ఇతరులు తీసిన వీడియోల్లో, పంచనామాలో వెతికి పట్టికలో చేర్చండి. ఆలేరు ఘటన తర్వాత బయటికి వచ్చిన ఫొటోల్లో మృతుల చేతులకు బేడీలు ఉండగానే ఆయుధాలు కూడా కనిపించడం దేశమంతటా ప్రశ్నలు లేవనెత్తింది. ఆ ప్రశ్నకు బలం వచ్చింది రెండు వస్తువులు ఒకే ఫ్రేములో ఉండటం వల్ల: బేడీ, ఆయుధం. మీరు కూడా ఇలా ఒకదానికొకటి పొసగని జతల కోసం వెతకండి. పారిపోతూ తూటా తగిలిందన్న మనిషి చెప్పులు పక్కపక్కన పొందికగా ఉండటం, బురద చెలకలో పెనుగులాట జరిగిందన్న చోట అడుగుజాడలు లేకపోవడం, నేల మీద ఉన్న తుపాకీ కింద గడ్డి నలగకుండా ఉండటం, ఖాళీ తూటాలు చెప్పిన చోటుకు దూరంగా ఒకే కుప్పగా పడి ఉండటం ఇలాంటివి.

వెంటనే ప్రతి జతకూ అమాయకమైన వివరణ కూడా రాయండి. పడిపోయిన మనిషికి అందకుండా ఆయుధాన్ని కాలితో తోయడం భద్రత కోసం చేసే పనే. ప్రాణం ఉందేమో చూడటానికి శరీరాన్ని తిప్పుతారు. ఖాళీ తూటా ఎటు పడుతుందన్నది తుపాకీ రకం మీద, దాన్ని పట్టుకున్న తీరు మీద ఆధారపడుతుంది. ఈ వివరణ నిలబడకపోతేనే మీ ప్రశ్న బలంగా నిలుస్తుంది.

హెచ్చరిక: నెత్తురు రంగు, చర్మం మీది మచ్చలు, గాయం చుట్టూ నలుపు చూసి మరణ సమయం గురించి, కాల్చిన దూరం గురించి తీర్పు చెప్పకండి. ఫోను కెమెరా రంగులను తనకు తోచినట్టు మారుస్తుంది. ఆ ఫ్రేముల సంఖ్యలు రాసి ఫోరెన్సిక్ వైద్యులకు వదిలేయండి.

తరచుగా జరిగే పొరపాట్లు

బొమ్మను స్పష్టం చేస్తామనే కృత్రిమ మేధ సాధనాలను వాడటం అన్నిటికంటే పెద్ద తప్పు. అవి లేని వివరాలను ఊహించి గీస్తాయి. మసకగా ఉన్న కర్ర తుపాకీ అయిపోతుంది. వెలుగు పెంచడం, పెద్దది చేయడం వరకే పరిమితం కండి, అదీ ఏం చేశారో రాసుకుని.

గుండ్రటి ఎర్ర గీత గీసిన చిత్రాన్ని మరొకరికి చూపడం రెండో తప్పు. గీత చూశాక వారికి వేరేది కనిపించదు.

ఇంకొకటి, నాకు చాలా బాధ కలిగించేది: “అతను చనిపోలేదు, నటిస్తున్నాడు, ఏడుస్తున్నవాళ్లు తెచ్చిన మనుషులు” అని వీడియోలోని ముఖాలను చూసి ప్రచారం చేయడం. మరణించారా లేదా అన్నది పోస్టుమార్టం రికార్డు, శవాన్ని తీసుకున్న కుటుంబం చెప్పే విషయం, ముఖకవళికలతో తేలేది కాదు. కొందరు దుఃఖంలో రాయిలా నిలబడిపోతారు, కొందరికి ఏడుపు రాదు. అలాంటి మాట ఒక తల్లి చెవిన పడితే ఏమవుతుందో ఆలోచించండి. అబద్ధపు ప్రచారంతో జనంలో అలజడి రేపితే భారతీయ న్యాయ సంహిత 353వ సెక్షన్ కింద కేసు కూడా పెట్టవచ్చు.

ఫలితాన్ని సరిచూసుకోవడం

మీ నిర్ణయం తెలియని మరొక వ్యక్తికి ఫైలు కాపీ, ఖాళీ పట్టిక ఇచ్చి వారిచేత వేరుగా ఎనిమిదో మెట్టు చేయించండి. ఇద్దరి ఫ్రేము సంఖ్యలు సరిపోయినవే నివేదికలోకి వెళ్లాలి. తర్వాత ప్రతి వాక్యాన్ని మూడు గడుల్లో ఏదో ఒకదానిలో పెట్టండి: కనిపించింది, దాని నుంచి ఊహించింది, తెలియనిది. “412వ ఫ్రేములో కుడిచేతి పక్కన తుపాకీ ఉంది, 96వ ఫ్రేములో ఆ చోటు ఖాళీగా ఉంది” అన్నది మొదటి గడి. “మధ్యలో ఎవరో పెట్టారు” అన్నది రెండోది. “ఎవరు పెట్టారు, ఎందుకు” అన్నది మూడోది. “బూటకపు ఎన్‌కౌంటర్” అన్న మాట మీ నివేదికలో ఎక్కడా ఉండకూడదు. అది విచారణ చేసినవారు అనవలసిన మాట, మీరు ముందే అంటే మీ మొదటి గడిని కూడా పక్కన పడేస్తారు.

చివరగా అసలు ఫైలు హాష్ మళ్లీ తీసి మొదటి రోజు రాసినదానితో అక్షరం అక్షరం పోల్చండి.

నివేదికను ఎవరికి ఇవ్వాలి?

2014 సెప్టెంబరులో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పోలీసు కాల్పుల్లో మరణం జరిగితే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి, సీఐడీ గాని వేరే స్టేషను బృందం గాని దర్యాప్తు చేయాలి, మెజిస్ట్రేటు విచారణ జరగాలి, జిల్లా ఆస్పత్రిలో ఇద్దరు వైద్యులు పోస్టుమార్టం చేసి దాన్ని వీడియో తీయాలి. మెజిస్ట్రేటు విచారణకు సమాచారం ఉన్నవారు హాజరుకావచ్చని పత్రికల్లో ప్రకటన వస్తుంది. దాని గడువును కనిపెట్టుకుని ఉండండి. న్యాయవాది ద్వారా నివేదిక, కవరులో మూసిన పెన్‌డ్రైవు, 63వ సెక్షన్ ధ్రువపత్రం కలిపి ఇచ్చి, ప్రతి పేజీ మీద స్వీకరించినట్టు ముద్ర వేయించుకోండి. పోస్టుమార్టం వీడియో ప్రతిని కూడా కుటుంబం తరఫున అదే దరఖాస్తులో కోరండి. మీరు రాసి వదిలేసిన గాయాల ప్రశ్నలకు వైద్యులు జవాబు వెతకగలిగేది అందులోనే.